నేల మీదికి వస్తుంటే స్టిక్ ముందుకు తోయడం ఎలా?

ప్రైవేట్ పైలట్ లైసెన్సు చేతికి వచ్చేసరికి మీరు విమానాన్ని పదుల సార్లు స్టాల్ చేసి, అంటే రెక్కలకు గాలి ఊతం తప్పేలా చేసి, ఉంటారు. ముక్కు నెమ్మదిగా పైకెత్తడం, హారన్ మోగగానే దించేయడం, పవర్ పెంచి మళ్లీ దారిన పడటం మీకు అలవాటైపోయి ఉంటుంది. స్పిన్‌ను, అంటే స్టాల్ అయిన విమానం గిరగిరా తిరుగుతూ కిందికి పడటాన్ని మాత్రం, ముఖ్యంగా అమెరికాలో నేర్చుకున్నవారు, పుస్తకంలో బొమ్మగానే చూసి ఉంటారు. 1949 దాకా అక్కడ లైసెన్సు కావాలంటే స్పిన్ చేసి చూపించాల్సి వచ్చేది. ఆ ఏడాది ఆ నిబంధన ఎత్తేశారు. స్పిన్‌లోంచి బయటపడటం కన్నా అందులో పడకుండా ఉండటం నేర్పడం మేలన్నది వాళ్ల ఆలోచన. ఇప్పుడు అక్కడ స్పిన్ శిక్షణ తప్పనిసరిగా పొందాల్సింది ఇన్‌స్ట్రక్టర్ కాబోయేవారే.

నేను లైసెన్సు తీసుకున్న ఎనిమిది నెలలకు వారం రోజులు సెలవు పెట్టి అరిజోనాలో ఈ శిక్షణకు వెళ్లాను. ఫోన్లో మా అమ్మకు చెబితే, "విమానాన్ని కావాలని కింద పడేయడం నేర్చుకోవడానికి డబ్బులు కడుతున్నావా నాయనా?" అంది. అప్పటికి నా దగ్గర జవాబు లేదు. మొదటి స్పిన్‌లో దొరికింది.

అద్దం నిండా ఎడారి. దాని మధ్యలో ఒక మట్టిరోడ్డు గడియారం ముల్లులా తిరుగుతోంది. ఇంజన్ ఐడిల్‌లో, అంటే అతి తక్కువ పవర్‌లో ఉంది, గాలి హోరు కూడా పెద్దగా లేదు. అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు ఎవరూ చెప్పలేదు. రాత్రంతా వల్లె వేసిన నాలుగు మాటల్లో ఒక్కటీ నోటికి రాలేదు. వెనక సీట్లోంచి మా ఇన్‌స్ట్రక్టర్, అరవై దాటిన ఆవిడ, ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగినంత మామూలుగా, "మీ చేతులు ఎక్కడున్నాయో ఒకసారి చూసుకోండి" అంది. రెండు చేతులూ స్టిక్‌ను, అంటే విమానాన్ని నడిపే కర్రను, పట్టుకుని పొట్టకు ఆనించి లాగుతున్నాయి. విమానాన్ని స్పిన్‌లో పట్టి ఉంచుతున్నది నేనే.

ఈ శిక్షణ అంతా ఆ చేతుల గురించే. నేల మీదికి వస్తుంటే వెనక్కి లాగడం మనిషి స్వభావం. కొత్తవాళ్లే అలా చేస్తారనుకోకండి. 2009 జూన్ 1న అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447లో వృత్తి పైలట్లే ఉన్నారు. విమానం దాదాపు 38,000 అడుగుల నుంచి సముద్రం దాకా స్టాల్‌లోనే దిగింది. ఆ సమయంలో ఎక్కువ భాగం ముక్కు పైకెత్తమనే ఆదేశమే దానికి అందుతూ వచ్చింది. 228 మంది చనిపోయారు.

ఒక్క మాట ముందే చెబుతాను. ఇది శిక్షణకు సిద్ధం కావడానికి రాసింది. చదివేసి ఒంటరిగా పైకి వెళ్లి ప్రయత్నించడానికి కాదు. చిన్నప్పుడు దిగుడుబావిలో ఈత నేర్పేటప్పుడు నడుముకు బెండ్లు కట్టి, గట్టున ఒక పెద్దమనిషిని నిలబెట్టేవారు. ఇక్కడా అంతే.

ముందు నేల మీద తెలుసుకోవాల్సింది

రెక్క గాలిని తాకే కోణం ఒక హద్దు దాటితే గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకోలేక విడిపోతుంది. అదే స్టాల్. వేగం ఎంతైనా, ముక్కు ఎటు చూస్తున్నా ఆ హద్దు దాటవచ్చు. రెండు రెక్కలూ ఒకేలా స్టాల్ అయితే ముక్కు నేరుగా దిగుతుంది. ఆ క్షణంలో ముక్కు పక్కకు కూడా తిరుగుతూ ఉంటే లోపలి రెక్క బయటి రెక్క కన్నా లోతుగా స్టాల్ అవుతుంది. దానికి లిఫ్ట్, అంటే పైకెత్తే బలం తక్కువ, డ్రాగ్, అంటే వెనక్కి పట్టే బలం ఎక్కువ. అందుకని అది కిందికి, వెనక్కి లాగుతుంది. ఆ లాగుడుతో తిరగడం పెరుగుతుంది, తిరగడంతో ఆ రెక్క ఇంకా స్టాల్‌లోకి పోతుంది. తాడు వదిలిన బొంగరంలా ఇక ఎవరూ తిప్పకుండానే తిరుగుతుంది.

గుర్తుంచుకోవాల్సింది రెండే ముక్కలు: స్టాల్ ఒకటి, ముక్కు పక్కకు తిరగడం ఒకటి. రెండూ కలిస్తేనే స్పిన్. తిరగడాన్ని ఆపేది మీ కాలు, స్టాల్‌ను విడగొట్టేది మీ చేయి.

మొదట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. 1912 ఆగస్టు 25న ఇంగ్లండ్‌లోని శాలిస్‌బరీ మైదానం మీద లెఫ్టినెంట్ విల్‌ఫ్రెడ్ పార్క్ నడుపుతున్న ఆవ్రో విమానం స్పిన్‌లో పడింది. ఆయన ముక్కును ఎత్తే, దించే తోక పలక ఎలివేటర్‌ను పూర్తిగా వెనక్కి లాగారు, ముక్కును పక్కకు తిప్పే తోక పలక రడ్డర్‌ను తిరిగే దిశలోకే నొక్కారు. అప్పటికి సరైనదనుకున్న పద్ధతి అదే. ఏదీ పని చేయలేదు. ఇక ఆశ లేదనుకున్నాక రడ్డర్‌ను రెండో వైపుకి పూర్తిగా తోస్తే విమానం నేలకు సుమారు 50 అడుగుల ఎత్తులో దారికి వచ్చింది. మీరు నేర్చుకోబోయే పాఠంలో సగం ఆయన ఆఖరి క్షణంలో చేసిన ఆ పనే.

విమానం, ఇన్‌స్ట్రక్టర్

మీరు రోజూ నడిపే విమానం దీనికి పనికి రాకపోవచ్చు. హ్యాండ్‌బుక్‌లో పరిమితుల అధ్యాయం తీసి చూడండి. పైపర్ ఆర్చర్‌లో కావాలని స్పిన్ చేయడం నిషిద్ధం. సిరస్ ఎస్‌ఆర్22లోనూ అంతే, అది పొరపాటున స్పిన్‌లో పడితే చేయాల్సింది విమానానికున్న పారాచూట్ పిడి లాగడమే. సెస్నా 172కు యుటిలిటీ కేటగిరీ పరిమితుల్లో అనుమతి ఉంది, అంటే వెనక సీటు ఖాళీగా ఉండాలి, సామాను ఉండకూడదు, బరువు తక్కువగా ఉండాలి, రెక్కల వెనక అంచున దించే ఫ్లాప్స్ పూర్తిగా ఎత్తి ఉండాలి. బరువు వెనక్కి పోయిన విమానం స్పిన్‌లో ముక్కు దించడానికి మొరాయిస్తుంది. కాబట్టి బరువు లెక్కను కాగితం మీద వేయండి, కంటి అంచనా చాలదు.

వీలైతే గాలిలో విన్యాసాలకు తయారైన ఏరోబాటిక్ విమానం ఉన్న చోటికి వెళ్లండి. నేను నేర్చుకున్న సూపర్ డెకాథ్లాన్ పాజిటివ్ 6 జీ, నెగెటివ్ 5 జీ వరకూ, అంటే మామూలు బరువుకు ఆరు రెట్లు, తలకిందులుగా ఐదు రెట్లు భారం వరకూ తట్టుకునేలా తయారైంది. మీరు పొరపాటు చేసినా దానికి అరిగించుకునే శక్తి ఉంది. సెస్నా 172లోనూ స్పిన్ నేర్చుకోవచ్చు గానీ తలకిందులయ్యే పాఠాలు అందులో కుదరవు. పైగా అది స్పిన్‌లోంచి తనంతట తానే జారి స్పైరల్‌లోకి, అంటే వేగం పెరుగుతూ చుట్టలుగా దిగే డైవ్‌లోకి పోతూ ఉంటుంది, మీరేదో సాధించారన్న తప్పుడు ధైర్యం కలుగుతుంది.

ఇన్‌స్ట్రక్టర్‌ను ఎంచుకోవడంలో మొహమాటపడకండి. అమెరికాలో ఇన్‌స్ట్రక్టర్లందరికీ స్పిన్ శిక్షణ అయినట్టు లాగ్‌బుక్‌లో సంతకం ఉంటుంది. కొందరికి అది ఎప్పుడో ఒక మధ్యాహ్నం తిరిగిన రెండు మూడు చుట్ల సంతకం. "పోయిన నెలలో ఎన్ని స్పిన్‌లు చేశారు? ఎంత ఎత్తులో మొదలుపెడతారు? ఎంత ఎత్తులో కంట్రోల్స్ మీరు తీసుకుంటారు?" అని అడగండి. మూడో ప్రశ్నకు అంకె రూపంలో జవాబు రాకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి. హైదరాబాద్ చుట్టుపక్కల గానీ ఇంకెక్కడ గానీ భారత్‌లో ఎగురుతున్నవారు ఇక్కడి విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలు, తమ ఫ్లయింగ్ క్లబ్ విమానం హ్యాండ్‌బుక్ చూసుకోవాలి. నేను ఇక్కడ చెప్పే నిబంధనల అంకెలు అమెరికావి.

కుర్చీలో సాధన

వెళ్లడానికి వారం ముందు నుంచి రోజూ పది నిమిషాలు కుర్చీలో కూర్చుని చేతులు, కాళ్లు కదుపుతూ సాధన చేయండి. తిరగలికర్రో, గొడుగో మోకాళ్ల మధ్య స్టిక్‌లా పెట్టుకోండి. పాదాల కింద రెండు పుస్తకాలు పెట్టుకుంటే పెడల్స్ అవుతాయి. పైకే అనండి: పవర్, ఎయిలరాన్, రడ్డర్, ఎలివేటర్. ఎయిలరాన్లంటే విమానాన్ని పక్కలకు వాల్చే రెక్కల మీది పలకలు. ఇంగ్లిష్ తొలి అక్షరాలు కలిపితే 'పేర్' అవుతుంది. అమెరికాలో ఈ శిక్షణకు పేరున్న రిచ్ స్టోవెల్ దీన్ని బాగా ప్రచారంలోకి తెచ్చారు. తెలుగువాళ్లం 'పేరు' మరిచిపోయామంటే మన్నింపు ఉండదు.

మనసులో అనుకోవడం వేరు, నోటితో అనడం వేరు. స్పిన్‌లో మనసు గడ్డకడుతుంది, నోరు మాత్రం అలవాటు చొప్పున పలుకుతుంది, నోటి వెంట చేయి కదులుతుంది. నా మొదటి స్పిన్‌లో నోరు కూడా మొరాయించిందన్నది నిజమే. నేను సాధన చేసింది ఒక్క రాత్రే. మీరు వారం చేయండి.

ఆ రోజు ఉదయం

ఖాళీ కడుపు, నిండు కడుపు రెండూ వద్దు. బయలుదేరడానికి గంటన్నర ముందు రెండు ఇడ్లీలు లేదా రెండు రొట్టె ముక్కలు చాలు. వాంతి మాత్రల్లో చాలావాటికి మగత వస్తుంది, వాటితో విమానం నడపకూడదు. అల్లం మురబ్బా ముక్క చప్పరించండి. మొదటి రోజు నలభై నిమిషాలకు మించి పైన ఉండవద్దు. కడుపులో తిప్పడం మొదలైందంటే ఆ పూటకు నేర్చుకోవడం ఆగిపోయినట్టే. చెప్పేయండి, సిగ్గుపడాల్సిందేమీ లేదు.

జేబులు పూర్తిగా ఖాళీ చేయండి. ఫోను, తాళాలు, చిల్లర, పెన్ను ఏవీ ఉండకూడదు. మాతో నేర్చుకున్న ఒకతను తలకిందులైన క్షణంలో పావలా డాలర్ బిళ్ల ఒకటి పైకప్పుకు తగిలి కింద పడింది. అది అతనిది కాదు, ఎన్నాళ్ల నుంచి సీటు కింద ఉందో తెలియదు. అలాంటి బిళ్ల రడ్డర్ పెడల్ కింద ఇరుక్కుంటే ఏమవుతుందో ఊహించుకోండి.

ప్రీఫ్లైట్‌లో, అంటే ఎగిరే ముందు తనిఖీలో, తోకను తీరిగ్గా చూడండి. రడ్డర్‌ను రెండు వైపులా చివరిదాకా కదిపి, స్టాప్ అనే హద్దు ముక్క దగ్గర సరిగ్గా ఆగుతోందా, అక్కడి నుంచి ఇరుక్కోకుండా తిరిగి వస్తోందా చూడాలి. ఇది ఊరికే చెప్పే జాగ్రత్త కాదు. 1998లో కెనడాలోని క్యూబెక్‌లో ఒక సెస్నా 152 స్పిన్ సాధనలో ఉండగా రడ్డర్ ఒక వైపు చివరిదాకా పోయి ఇరుక్కుంది, విమానం కూలింది. ఆ తర్వాత 2009లో అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ సెస్నా 150, 152లకు రడ్డర్ స్టాప్‌లు మార్చాలని, లేకపోతే స్పిన్ నిషేధమని విమానంలో బోర్డు పెట్టాలని ఆదేశించింది.

పారాచూట్ ఇస్తే దానితో ఉండే కార్డు మీద తేదీ చూడండి. నైలాన్ పారాచూట్‌ను అర్హత ఉన్న రిగ్గర్ గత 180 రోజుల్లోపు మడిచి ఉండాలి. ఎలా దూకాలో నేల మీదే రెండుసార్లు చేసి చూడండి: తలుపు వదిలించు, హెడ్‌సెట్ తీసెయ్, బెల్టు విప్పు, బయటికి. నేను మొదటిసారి బెల్టుకు బదులు పారాచూట్ పట్టీయే విప్పాను. అది తెలియాల్సింది నేల మీదే.

ఎత్తు లెక్క

ఏరోబాటిక్స్‌కు అమెరికా నిబంధనల్లో కనీస ఎత్తు నేల నుంచి 1,500 అడుగులు. అది చట్టం గీసిన గీత మాత్రమే, దాన్ని నమ్ముకోకూడదు. సెస్నా హ్యాండ్‌బుక్ స్పిన్ పూర్తిగా ముగిసేసరికి నేలకు ఇంకా 4,000 అడుగులు ఉండేలా చూసుకోమంటుంది. ఒక చుట్టు తిరిగి బయటపడటానికి కనీసం 1,000 అడుగులు, ఆరు చుట్లకు దానికి రెట్టింపు కన్నా ఎక్కువే పోతుందని కూడా చెబుతుంది. కాబట్టి 6,000 అడుగులకు తక్కువగా మొదలుపెట్టకండి.

ఆల్టీమీటర్ చూపేది సముద్రమట్టం నుంచి ఎత్తు అన్న సంగతి ఈ హడావుడిలో మరిచిపోతారు. మా సాధన స్థలంలో నేలే 1,400 అడుగుల ఎత్తులో ఉంది. నేల నుంచి 6,000 కావాలంటే ఆల్టీమీటర్‌లో 7,400 కనిపించాలి. మొదలుపెట్టే అంకె, స్పిన్ ఆపి తీరాల్సిన అంకె, పారాచూట్‌తో దూకాల్సిన అంకె అని మూడు అంకెలను చీటీ మీద రాసి మోకాలికి కట్టుకోండి. మూడో అంకె వచ్చాక చర్చలు ఉండవు.

మొదటి ఫ్లైట్ కాళ్లకు

మంచి ఇన్‌స్ట్రక్టర్ మొదటి ఫ్లైట్‌లో స్పిన్ చేయించరు. ముందు కాళ్లను నిద్ర లేపుతారు. ముక్కును దిగంతం మీద ఒక కొండ దగ్గర నిలిపి, అది కదలకుండా రెక్కలను అటూ ఇటూ ఊపమంటారు. ఎయిలరాన్ వేసిన ప్రతిసారీ ముక్కు రెండో వైపుకి జారుతుంది, దాన్ని రడ్డర్‌తో పట్టాలి. తేలిగ్గా అనిపిస్తుంది గానీ నాకు పదిహేను నిమిషాలు పట్టింది.

తర్వాతది ఈ మొత్తం శిక్షణలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచిన పాఠం. పవర్ ఐడిల్‌కు తెచ్చి, స్టిక్‌ను పూర్తిగా వెనక్కి లాగి, స్టాల్‌లోనే ఉంచేస్తారు. చేయి కదలకూడదు, ఎయిలరాన్లు మధ్యలోనే ఉండాలి. రెక్క ఎటు వాలితే రెండో పాదంతో చటుక్కున పట్టాలి. విమానం ఎండుటాకు రాలినట్టు అటొక ఊపు, ఇటొక ఊపు ఊగుతూ దిగుతుంది. అరక్షణం ఆలస్యమైతే స్పిన్ మొదలవుతుంది. నాలుగైదు నిమిషాలకు మీ పాదాలు మీకన్నా ముందు కదలడం మొదలుపెడతాయి. కళ్లు ప్యానెల్‌లో పక్కజారుడును చూపే బంతిని చూసేలోపే పిరుదుల కింద సీటు పక్కకు జారుతున్నట్టు తెలుస్తుంది. మీరు ఈ కోర్సు నుంచి ఇంటికి తీసుకెళ్లాల్సింది అదే.

స్పిన్ మొదలు

చుట్టూ, కింద ఇంకో విమానం లేదని చూసుకుంటూ రెండు పెద్ద మలుపులు తిరగండి. బెల్టులు బిగించండి. మంచి గుర్తు ఒకటి ఎంచుకోండి, తిన్నని రోడ్డయితే మేలు. చుట్లు లెక్కపెట్టడానికి, ఆగాక ముక్కు ఎటు ఉందో తెలియడానికి అది కావాలి. పవర్ ఐడిల్. ఎత్తు తగ్గకుండా స్టిక్‌ను నెమ్మదిగా వెనక్కి తేవాలి. స్టాల్‌కు కాస్త ముందు స్టిక్‌ను చివరిదాకా లాగి, ఎడమ పెడల్‌ను పూర్తిగా నొక్కాలి.

ముక్కు పైకి, పక్కకు ఒరుగుతుంది. ఒక్క క్షణం ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత రెక్కను కింద నుంచి ఎవరో లాగేసినట్టు విమానం బోల్తా పడుతూ కిందికి తిరుగుతుంది. మొదటి రెండు చుట్లలో స్పిన్ ఇంకా కుదురుకోదు. ఆ తర్వాత ఒక్కో చుట్టు సుమారు మూడు సెకన్లు, 500 అడుగుల లెక్కన సాగుతుంది. మొదటి రోజు ఒక చుట్టుతో ఆపేయండి.

చూపు ముక్కు మీదుగా నేరుగా ఉంచండి. పక్క కిటికీలోంచి చూస్తే తల తిరుగుతుంది, ఎటు తిరుగుతున్నారో కూడా తెలియదు. తెలియకపోతే ఎటు తిరుగుతున్నారో చూపే పరికరం టర్న్ కోఆర్డినేటర్‌లోని బొమ్మ విమానాన్ని చూడండి. అది వాలిన వైపే స్పిన్ దిశ. దాని కింద ఉన్న బంతిని నమ్మకండి, స్పిన్‌లో అది నిజం చెప్పదు.

బయటపడటం

1. పవర్ పూర్తిగా తగ్గించండి. పవర్ ఉంటే ముక్కు పైకి లేచి స్పిన్ చదునవుతుంది, చదునైన స్పిన్‌లోంచి బయటపడటం కష్టం.

2. ఎయిలరాన్లు మధ్యకు తెండి. వాలిన రెక్కను ఎత్తుదామని చేయి తనంతట తానే రెండో వైపుకి పోతుంది. ఆ ఎయిలరాన్ వాలిన రెక్క కోణాన్ని పెంచి ఇంకా లోతైన స్టాల్‌లోకి నెడుతుంది. మీ చేతిని నమ్మకండి, స్టిక్ ఎక్కడుందో కళ్లతో చూడండి.

3. తిరిగే దిశకు ఎదురుగా రడ్డర్‌ను పూర్తిగా నొక్కండి. పూర్తిగా అంటే పెడల్ చివరిదాకా. సగం నొక్కి ఎదురుచూసేవాళ్లే ఎక్కువ. పెడల్ బరువుగా ఉంటుంది, మోకాలు నిటారుగా చాచండి. బరువుగా తగిలిన పెడలే సరైన పెడల్.

4. పెడల్ చివరిదాకా పోగానే స్టిక్‌ను చురుగ్గా ముందుకు తోయండి. ఎంత తోయాలన్నది విమానాన్ని బట్టి ఉంటుంది, హ్యాండ్‌బుక్‌లో రాసి ఉంటుంది. అద్దం నిండా నేలే ఉంటుంది, అయినా తోయాలి. రడ్డర్ కన్నా ముందు తోస్తే తిరగడం వేగం పుంజుకోవచ్చు. అందుకే ఈ వరుస మార్చకూడదు.

5. అలాగే పట్టుకుని ఉండండి. తిరగడం ఆగేదాకా కాళ్లూ చేతులూ మార్చకండి. కొన్ని విమానాలు వెంటనే ఆగుతాయి, కొన్ని ఇంకో చుట్టు తిరిగి గానీ ఆగవు. ఆ చుట్టులో "ఇది పని చేయడం లేదు" అనుకుని ఇంకేదో ప్రయత్నించడం పెద్ద ప్రమాదం.

6. ఆగిన క్షణంలో రడ్డర్ మధ్యకు తెండి. ఇక్కడ మీ చెవిలోని ద్రవం మిమ్మల్ని మోసం చేస్తుంది. విమానం ఆగినా మీరు రెండో వైపుకి తిరుగుతున్నట్టే అనిపిస్తుంది. రోడ్డు నిలిచిందా లేదా అన్నదే చూడండి. రడ్డర్ అలాగే ఉంచి స్టిక్ లాగితే రెండో వైపు కొత్త స్పిన్ మొదలవుతుంది.

7. రెక్కలు సమం చేసి, డైవ్‌లోంచి మెత్తగా పైకి లాగండి. ముక్కు దిగంతానికి చేరాకే పవర్. ఇప్పుడు లాగడానికి అనుమతి వచ్చింది కదా అని గట్టిగా లాగితే మళ్లీ స్టాల్ అవుతుంది. నాకు రెండోసారి జరిగింది అదే.

ఎడమకు నాలుగు చేస్తే కుడికీ నాలుగు చేయండి. కుడి స్పిన్ వేరుగా ప్రవర్తిస్తుంది, మీ కుడి కాలూ ఎడమ కాలూ కూడా ఒకేలా ప్రవర్తించవు.

స్పిన్ కాని స్పిన్

ఒక చుట్టు దాటాక సీటులోకి అదిమినట్టు అనిపిస్తూ, గాలి హోరు పెరుగుతూ ఉంటే వేగం చూడండి. స్పిన్‌లో వేగం తక్కువగా, దాదాపు ఒకేచోట ఉంటుంది. వేగం గబగబా పెరుగుతోందంటే అది స్పైరల్. రెక్కలు స్టాల్‌లో లేవు, మీరు మలుపు తిరుగుతూ డైవ్ చేస్తున్నారంతే. అక్కడ మందు వేరు: పవర్ తగ్గించి, ఎయిలరాన్, రడ్డర్ కలిపి రెక్కలు సమం చేసి, ఆ తర్వాతే మెల్లగా లాగాలి. మలుపులో ఉండగానే లాగితే చుట్టు బిగుసుకుని రెక్కల మీద భారం పెరుగుతుంది. ఇన్‌స్ట్రక్టర్‌ను రెండూ వెంటవెంటనే చూపించమని అడగండి. ఏది వస్తుందో ముందే చెప్పవద్దనండి.

అసలు చోటు

స్పిన్‌లు ప్రాణాలు తీసేది 6,000 అడుగుల్లో కాదు, రన్‌వే దగ్గర 500 అడుగుల్లో, రన్‌వేకు అడ్డంగా సాగే బేస్ నుంచి దాని వైపు నేరుగా దిగే ఫైనల్‌కు తిరిగే మలుపులో. అక్కడ పైన చెప్పిన ఏడు మెట్లూ తు.చ. తప్పకుండా పాటించినా నేల ముందే వస్తుంది. కాబట్టి ఆ మలుపు ఎలా చెడుతుందో పైనే చూడాలి.

ఇన్‌స్ట్రక్టర్‌తో ఒక ఎత్తును, ఉదాహరణకు 6,000 అడుగులను, 'రన్‌వే' అనుకోండి. 6,500లో బేస్‌లో ఉన్నట్టు దిగుతూ ఎడమకు తిరగండి. రన్‌వే దాటిపోతోందని ఊహించుకోండి. బ్యాంక్, అంటే రెక్కల వాలు పెంచడానికి భయపడి, ముక్కును త్వరగా తిప్పుదామని ఎడమ పెడల్ నొక్కుతారు. ముక్కు తిరుగుతుంది, దాంతోపాటు ఎడమ రెక్క ఇంకా వాలుతుంది. దాన్ని ఆపడానికి చేయి కుడికి పోతుంది. ముక్కు దిగుతుంటే చేయి వెనక్కి లాగుతుంది. ఇప్పుడు బంతి కుడి మూలకు పోయి ఉంటుంది, స్టిక్ కుడికీ వెనక్కీ, కాలు ఎడమకీ ఉంటాయి. ఇదంతా చూడటానికి చాలా మర్యాదగా, దాదాపు సమంగా ఉన్న మలుపులా కనిపిస్తుంది. మరికాస్త లాగండి. ఎడమ రెక్క కిందికి దూసుకుపోయి విమానం వీపు మీదికి తిరిగిపోతుంది. హెచ్చరిక చాలా తక్కువ. దారికి వచ్చాక ఆల్టీమీటర్ చూడండి. నాది 5,300 దగ్గర ఆగింది. అంటే రన్‌వేకు 700 అడుగులు కింద.

ఇదే పాఠాన్ని మళ్లీ చేసి, ఈసారి పెడల్ బరువు, సీటు జారుడు తెలిసిన మొదటి క్షణంలోనే స్టిక్ వదులు చేయండి. ఏమీ జరగదు. పది సార్లు చేయండి, పది సార్లూ ఏమీ జరగకూడదు. బ్యాంక్ పెంచి లాగడం కూడా మందు కాదని గుర్తుంచుకోండి. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీల బ్యాంక్‌లో తిరిగితే స్టాల్ వేగం 1.41 రెట్లవుతుంది, 50 నాట్లకు స్టాల్ అయ్యే విమానం 70 నాట్ల దగ్గరే స్టాల్ అవుతుంది.

మిగతా పాఠాలు

కోర్సులో ఇంకా కొన్ని ఉంటాయి. పెద్ద విమానం వెనక సుడిగాలిలో చిక్కి తలకిందులైతే స్టిక్‌ను లాగకండి. లాగితే నేల వైపు సగం లూప్ అవుతుంది. కాస్త ముందుకు తోసి, దగ్గరి దిగంతం వైపు పూర్తి ఎయిలరాన్‌తో దొర్లించండి.

ఎలివేటర్ కేబుల్ తెగితే ట్రిమ్, అంటే ఎలివేటర్ అంచున ఉన్న చిన్న ట్యాబ్‌ను కదిపే చక్రం, మామూలుగానే పని చేస్తుంది. ఎలివేటర్ కదలకుండా ఇరుక్కుపోతే మాత్రం ట్రిమ్ ట్యాబ్ తానే చిన్న ఎలివేటర్‌లా మారి చక్రం ఉల్టా పని చేస్తుంది. నేల మీద తోక దగ్గర నిలబడి, ఎలివేటర్‌ను చేత్తో పట్టుకుని, ట్యాబ్ ఎటు కదులుతుందో చూస్తే ఒక్కసారికే మనసుకెక్కుతుంది. ఎయిలరాన్లు పోతే రడ్డర్‌తోనే తిరగవచ్చు, నెమ్మదిగా, చిన్న చిన్న మలుపులతో. స్టిక్ ముట్టుకోకుండా పవర్, ట్రిమ్, రడ్డర్‌తోనే పొడవైన రన్‌వే దాకా రావడం ఒక గంట సాధన చేయండి.

టేకాఫ్ తర్వాత ఇంజన్ ఆగితే వెనక్కి తిరగడం సాధ్యమో కాదో మాటల్లో తేల్చుకోకుండా పైన కొలవండి. 3,000 అడుగుల్లో ఎక్కుతూ పవర్ తీసేయండి, నాలుగు సెకన్లు ఏమీ చేయకండి. నిజంగా జరిగితే మీరు నివ్వెరపోయే సమయం అది. ఆపైన ముక్కు దించి తిరగండి. ఎంత ఎత్తు పోయిందో రాసుకోండి. ఆ అంకె చూశాక ఎదురుగా ఉన్న పొలం మీద మీకు గౌరవం పెరుగుతుంది.

ఇంటికి వచ్చాక

ఈ నైపుణ్యం తుప్పు పడుతుంది. ఏడాదికి ఒకసారైనా ఇన్‌స్ట్రక్టర్‌తో మళ్లీ వెళ్లండి. నెలకొకసారి కుర్చీ సాధన చేయండి. మీ సొంత విమానంలో కావాలని స్పిన్ చేసి స్నేహితులకు చూపించాలన్న కోరిక పుడితే ఆ వారం విమానం దగ్గరికి పోకండి.

కోర్సు అయిన మూడో ఆదివారం మా ఊరి రన్‌వేకు దిగుతున్నాను. బేస్‌లో గాలి వెనక నుంచి తోస్తోంది, ఫైనల్ గీత దాటిపోతున్నాను. ఎడమ పాదం దానంతట అదే పెడల్ మీద బరువు వేసింది, సీటు కింద ఆ జారుడు తెలిసింది. పాదం ఎత్తేశాను. గీతను దాటిపోనిచ్చాను, రెక్కలు సమం చేసి పవర్ పెట్టి మళ్లీ పైకి వెళ్లాను. పక్క సీట్లో ఉన్న మా తమ్ముడు, "దిగబోయి మళ్లీ ఒక చుట్టు ఎందుకన్నయ్యా?" అని అడిగాడు. గాలి ఎక్కువగా ఉందని చెప్పాను.